వద్దనే వీలుంటేనే సంతకానికి విలువ

మొత్తం సమ్మతి పత్రాలు 9,543. వాటిలో 1,948 పత్రాల మీద వేలిముద్రలు, 2,763 పత్రాల మీద హాస్టల్ వార్డెన్ల సంతకాలు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోని ఖమ్మం జిల్లాలో ఆడపిల్లలకు హెచ్‌పీవీ టీకా వేసిన ప్రాజెక్టు కాగితాలు తిరగేసినప్పుడు తేలిన లెక్క ఇది. 2013 ఆగస్టులో పార్లమెంటు స్థాయీ సంఘం ఇచ్చిన నివేదికలో ఈ అంకెలు ఉన్నాయి. తల్లో తండ్రో పెట్టాల్సిన చోట వార్డెన్ సంతకం పెట్టారు.

ఉత్తరాంధ్రలోని సాలూరు వాళ్లకు ఈ లెక్క విడమరచి చెప్పనక్కర్లేదు. సాలూరు, పాచిపెంట, మక్కువ మండలాల కొండ ఊళ్ల పిల్లలు చాలామంది ఆశ్రమ పాఠశాలల్లో ఉండే చదువుకుంటారు. బడి తెరిచినప్పుడు దింపి వెళ్లిన పిల్లను తల్లి మళ్లీ ఏ పండక్కో చూస్తుంది. మధ్యలో జ్వరమొస్తే ఆస్పత్రికి తీసుకెళ్లేది వార్డెనే. అన్నం పెట్టించేది, అల్లరి చేస్తే మందలించేది కూడా ఆయనో ఆమో. అమ్మానాన్నల పనులన్నీ చేస్తున్న మనిషి ఒక కాగితం మీద సంతకం పెడితే తప్పేంటి అనిపిస్తుంది. ఆ తప్పు ఎంత పెద్దదో తెలియాలంటే మనుషుల మీద పరిశోధన ఎలా నడుస్తుందో, దాన్ని దగ్గరుండి నడిపించేవాళ్లు ఏం చేస్తారో చూడాలి.

ఖమ్మంలో జరిగింది

గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌కు అసలు కారణం హ్యూమన్ పాపిలోమా వైరస్ (హెచ్‌పీవీ). దాన్ని అడ్డుకునే టీకాకు మన దేశంలో 2008లో అనుమతి వచ్చింది. దీన్ని ప్రభుత్వ టీకాల్లో చేర్చాలంటే ఏర్పాట్లు ఎలా ఉండాలి, జనం ఒప్పుకుంటారా అన్నది తెలుసుకోవడానికి అమెరికాకు చెందిన పాత్ అనే సంస్థ, భారత వైద్య పరిశోధన మండలి, రాష్ట్ర ప్రభుత్వం కలిసి ఒక ప్రాజెక్టు తలపెట్టాయి. 2009 జులై 9న అది మొదలైంది. భద్రాచలం, కొత్తగూడెం, తిరుమలాయపాలెం మండలాల్లో 10 నుంచి 14 ఏళ్ల ఆడపిల్లలు సుమారు 14 వేల మందికి టీకా వేశారు. గుజరాత్‌లోని వడోదర జిల్లాలో మరో కంపెనీ టీకాతో ఇదే పని నడిచింది. రెండు చోట్లా టీకాలు కంపెనీలు ఉచితంగా ఇచ్చినవే.

2010 మార్చిలో ‘సమ’ అనే మహిళా ఆరోగ్య సంస్థ బృందం ఖమ్మం వెళ్లి హాస్టళ్లలో పిల్లలతో, ఊళ్లలో తల్లిదండ్రులతో మాట్లాడి వచ్చింది. టీకా వేసుకున్న పిల్లల్లో కొందరు చనిపోయారన్న వార్త అప్పటికే గుప్పుమంది. ఏప్రిల్‌లో కేంద్రం ప్రాజెక్టును ఆపించి, విచారణకు కమిటీ వేసింది. మొత్తం మరణాలు ఏడు: ఆంధ్రప్రదేశ్‌లో ఐదు, గుజరాత్‌లో రెండు. నీట మునగడం, పాముకాటు, పురుగుమందు, మలేరియా వంటి కారణాలు బయటపడ్డాయి. వీటికీ టీకాకూ సంబంధం ఉన్నట్టు కనిపించడం లేదని కమిటీ అభిప్రాయపడింది. తర్వాత ప్రపంచమంతటా కోట్ల మంది ఆడపిల్లలు ఈ టీకా వేసుకున్నారు. దాని భద్రత మీద ఇప్పుడు వైద్యలోకానికి సందేహం లేదు.

మరి గొడవ దేని గురించి? అనుమతి ఉన్న టీకా కాబట్టి ఇది క్లినికల్ ట్రయల్ కాదని నిర్వాహకులు వాదించారు. పోనీ మామూలు టీకాల కార్యక్రమం అనుకుందామంటే, ఆ టీకా అప్పటికి అందులో లేనే లేదు. ట్రయల్ అయితే ఒక రకం రక్షణ ఉండేది, ప్రభుత్వ కార్యక్రమం అయితే ఇంకో రకం జవాబుదారీ ఉండేది. పిల్లలు ఈ రెంటికీ మధ్యన పడ్డారు. బీమా లేదు. టీకా తర్వాత ఎవరికి ఏమైందో వెంటనే పసిగట్టి, నమోదు చేసి, కారణం తేల్చే ఏర్పాటు సరిగ్గా లేదు. టీకా వల్ల కాని మరణం కూడా టీకా మరణంగా ఊళ్లలో స్థిరపడిపోవడానికి ఇదే కారణం. వ్యవహారం సుప్రీంకోర్టుకు వెళ్లింది. పార్లమెంటు సంఘం నివేదికను కోర్టులు పరిగణనలోకి తీసుకోవచ్చా అన్న ప్రశ్న మీద 2018 మే 9న రాజ్యాంగ ధర్మాసనం తీసుకోవచ్చని తీర్పు చెప్పింది.

సాలూరులో ఒక ట్రయల్ అనుకుందాం

సికిల్‌సెల్ రక్తహీనత మన్యం ప్రాంతాలకు పాత శత్రువు. దాన్ని 2047 నాటికి నిర్మూలించాలన్న లక్ష్యంతో కేంద్రం 2023 జులై 1న జాతీయ మిషన్ ప్రారంభించింది. 17 రాష్ట్రాల గిరిజన ప్రాంతాల్లో 40 ఏళ్ల లోపు వారు 7 కోట్ల మందికి రక్తపరీక్షలు చేయాలన్నది సంకల్పం. ఆ పరీక్ష ప్రజారోగ్య సేవ. అదే రోగులకు ఒక కొత్త మందు ఇచ్చి పనిచేస్తుందో లేదో చూస్తే అది క్లినికల్ ట్రయల్ అవుతుంది. రెంటిలోనూ తీసేది అదే జబ్బలోంచి అదే రక్తం. నియమాలు మాత్రం పూర్తిగా వేరు. అలాంటి ట్రయల్ ఒకటి సాలూరు ఆస్పత్రిలో పెట్టారని ఊహించుకుందాం.

పేరు పెద్ద డాక్టరుది. ఆయన్ని ప్రధాన పరిశోధకుడు అంటారు, చట్టపరంగా బాధ్యత ఆయనదే. రోజువారీ పని మాత్రం స్టడీ కోఆర్డినేటర్ చేతిలో ఉంటుంది. నర్సింగో ఫార్మసీయో లైఫ్ సైన్సెసో చదివిన ఆ అమ్మాయో అబ్బాయో తొలి రోగిని చేర్చుకోకముందే నెలల తరబడి కాగితాలతో కుస్తీ పడతారు. దేశ ఔషధ నియంత్రణాధికారి అనుమతి రావాలి. క్లినికల్ ట్రయల్స్ రిజిస్ట్రీలో నమోదు కావాలి. 2007 జులైలో మొదలైన ఈ రిజిస్ట్రీ 2009 జూన్ 15 నుంచి తప్పనిసరి అయింది. ఇంటర్నెట్ ఉన్న ఎవరైనా తెరిచి, ఏ ఆస్పత్రిలో ఏ ట్రయల్ నడుస్తోందో చూడవచ్చు.

తర్వాతి గడప ఎథిక్స్ కమిటీ. 2019 మార్చి 19న వచ్చిన కొత్త మందులు, క్లినికల్ ట్రయల్స్ నియమాల ప్రకారం ఈ కమిటీలో కనీసం ఏడుగురు ఉండాలి. కనీసం సగం మంది ఆ ఆస్పత్రితో సంబంధం లేనివారై ఉండాలి, అధ్యక్షుడు కూడా బయటివాడే కావాలి. డాక్టర్లతో పాటు ఒక న్యాయ నిపుణుడు, సామాజిక శాస్త్రం తెలిసినవారో స్వచ్ఛంద సంస్థ ప్రతినిధో ఒకరు, వైద్యంతో సంబంధం లేని సామాన్యుడు ఒకరు ఉండాలి. కనీసం ఒక మహిళ ఉండాలి. ఆ సామాన్యుడి పని చిన్నది కాదు. సమ్మతి పత్రం చదివి “నాకే అర్థం కాలేదు, కొండ మీది మనిషికి ఎలా అర్థమవుతుంది?” అని అడగాల్సింది ఆయనే.

సాలూరుకు ఇక్కడే ఒక చిక్కు. ఆస్పత్రికి సొంత కమిటీ లేకపోతే వేరే కమిటీ ఆమోదం తీసుకోవచ్చు. అయితే ఆ కమిటీ అదే ఊళ్లో గానీ, 50 కిలోమీటర్ల పరిధిలో గానీ ఉండాలని నియమం. విశాఖలోని పెద్దాస్పత్రి కేజీహెచ్ ఆ పరిధికి చాలా అవతల. విజయనగరం ఇంచుమించు గీత మీద ఉంది. ఎక్కడో కూర్చుని కాగితం మీద సంతకాలు చేసే కమిటీ వద్దు, అవసరమైతే బయల్దేరి వచ్చి చూసే కమిటీ కావాలన్నది ఆ నియమం ఉద్దేశం. అది మంచి ఉద్దేశమే. దాని ఫలితంగా కొండ ప్రాంతాల రోగులు ట్రయల్స్‌కు దూరంగా ఉండిపోతారన్నదీ నిజమే. ఏ ట్రయలూ చేరని చోట జబ్బు మందు లేకుండా అలాగే ఉంటుంది. గిరిజనులను పరిశోధన నుంచి కాపాడటం ఎంత ముఖ్యమో, పరిశోధన ఫలం వాళ్లకూ అందేలా చూడటం అంతే ముఖ్యం.

వైద్య పరిశోధన మండలి 2017 మార్గదర్శకాలు గిరిజన ప్రాంతాల గురించి ప్రత్యేకంగా చెప్పాయి. ఊళ్లో అడుగు పెట్టకముందే కలెక్టరు లాంటి అధికారి అనుమతి తీసుకోవాలి. ఊరి పెద్దతో మాట్లాడాలి. స్థానిక భాష తెలిసినవారు పక్కనుండాలి. పెద్ద ఒప్పుకున్నాడని ఊరంతా ఒప్పుకున్నట్టు కాదు, ప్రతి మనిషినీ విడిగా అడగాలి. సవర, కువి, కొండ భాషలు మాట్లాడే ఇళ్లలో తెలుగు పత్రం చదివి వినిపిస్తే చాలదు. ఆ భాషలో చెప్పించాలి. చెప్పింది ఏమిటో మళ్లీ తెలుగులోకి మార్పించి, మూలంతో సరిచూసుకోవాలి. గిడుగు రామమూర్తి సవర పిల్లలకు చదువు చెప్పడానికి ముందు తానే సవర నేర్చుకున్నారు. ఉత్తరాంధ్రలో ఈ పాఠానికి నూరేళ్లు దాటింది.

వేలిముద్ర ఎలా పడాలి

ట్రయల్‌లో చేరే మనిషికి చదువు రాకపోతే, సమ్మతి తీసుకున్నంతసేపూ ఒక తటస్థ సాక్షి అక్కడే ఉండాలి. ట్రయల్‌తో ఆయనకు ఏ సంబంధమూ ఉండకూడదు. అన్నీ విడమరచి చెప్పారని, ఆ మనిషి ఇష్టపడే ఒప్పుకున్నాడని సాక్షి సంతకం చేయాలి. పూర్తిగా కొత్త మందు అయి, పాల్గొనేవారు బలహీన వర్గాలకు చెందినవారైతే ఆ సంభాషణంతా వీడియో తీయాలి. మందు గురించి చెప్పడమే కాదు, అవతలి మనిషికి అర్థమైందని కూడా ఆ వీడియోలో కనిపించాలి.

మన ఊహా ట్రయల్‌లో ఈ మాటలు ఇలా నడవచ్చు. పాచిపెంట కొండల నుంచి కూతుర్ని తీసుకుని వచ్చిన తల్లి మొదట అడిగే ప్రశ్న అందరికీ తెలిసిందే.

“మా గుంటకేటీ అవదు కదమ్మా?”

“అవదని నేను చెప్పలేనమ్మా. ఏటవ్వొచ్చో మట్టుకు చెప్తాను. వాంతులవ్వొచ్చు, రక్తకణాలు తగ్గొచ్చు. అందుకే రెండు వారాలకోసారి రక్తం చూస్తాం.”

“మరి ఈ మందేస్తే తగ్గిపోద్దా?”

“అదే తెలీదమ్మా. తెలుసుకోడానికే ఇదంతా. సగం మందికి కొత్త మందు, సగం మందికి ఇప్పుడు వాడుతున్న మందు. ఎవరికేదో చీటీలు తీసినట్టే. నేనూ ఎంచలేను, డాక్టరుగారూ ఎంచలేరు.”

“వద్దంటే ఆస్పత్రిలో సూడరా?”

“ఎందుకు చూడరమ్మా! ఇప్పుడు చూస్తున్నట్టే చూస్తారు. ఇవాళ సరేనని రేపు వద్దన్నా ఏటీ అనరు. ఇంటికెళ్లి మీ ఆయనతో మాట్లాడుకుని రండి.”

ఈ చివరి మాట దగ్గరే ట్రయల్ నాణ్యత తేలుతుంది. తల్లి ఇంటికి వెళ్లి ఆలోచించుకుని, వచ్చే సంత రోజున “వద్దులెండి” అనవచ్చు. కోఆర్డినేటర్ ఆమెను బతిమాలకూడదు. స్క్రీనింగ్ రిజిస్టర్‌లో ‘అంగీకరించలేదు’ అని రాసుకోవాలి. పరిశోధన పూర్తయి పత్రికలో అచ్చయ్యేటప్పుడు ఎంతమందిని అడిగారు, ఎంతమంది వద్దన్నారు అన్న లెక్కా చూపడం ఆనవాయితీ. ఎవరూ కాదనని ట్రయల్ కనిపిస్తే పరీక్షకులు సంతోషించరు, అనుమానిస్తారు. వేలాది కుటుంబాలను నిజంగా అడిగితే కొన్నయినా తల అడ్డంగా ఊపకుండా ఉంటాయా?

పిల్లను కూడా అడగాలి. 7 ఏళ్లు దాటిన పిల్లలకు వాళ్ల వయసుకు తగ్గట్టు చెప్పి, ఒప్పుకుంటేనే చేర్చుకోవాలి. 12 దాటితే ఆ ఒప్పుదల రాతపూర్వకంగా ఉండాలి. ఖమ్మంలో టీకా పడినవాళ్లలో చాలామంది సరిగ్గా ఆ వయసువాళ్లే. వార్డెన్ సంతకంలో ఉన్న తప్పు ఇప్పుడు తేటపడుతుంది. ఆయన చెడ్డవాడని కాదు. పై నుంచి కార్యక్రమం వస్తే, తన కింద ఉన్న పిల్లల తరఫున “వద్దు” అనే స్వేచ్ఛ ఆ ఉద్యోగంలో ఉన్న మనిషికి లేదు. వద్దనలేని మనిషి పెట్టిన సంతకాన్ని సమ్మతిగా లెక్కించలేం.

డబ్బు కూడా ఆ స్వేచ్ఛను తినేస్తుంది. 1897 ఆగస్టులో సికింద్రాబాద్‌లో రొనాల్డ్ రాస్ మలేరియా గుట్టు విప్పినప్పుడు, హుసేన్ ఖాన్ అనే రోగిని దోమల చేత కుట్టించి ఒక్కో దోమకు ఒక అణా ఇచ్చాడు. రాస్‌కు 1902లో నోబెల్ వచ్చింది. నూరేళ్ల తర్వాత కూడా ఈ సమస్య మాసిపోలేదు. 2011లో పిడుగురాళ్ల ప్రాంతపు పేద మహిళలు డబ్బు కోసం హైదరాబాద్ వెళ్లి మందుల పరీక్షల్లో పాల్గొని అనారోగ్యం పాలయ్యారన్న ఆరోపణ రాష్ట్రాన్ని కుదిపేసింది. ఇప్పటి నియమాల ప్రకారం దారి ఖర్చులు, పోయిన కూలి ఇవ్వవచ్చు. ఎంత ఇస్తారో ఎథిక్స్ కమిటీ ముందే చూడాలి. ప్రమాదాన్ని మరిచిపోయేలా చేసే సొమ్ము ఇవ్వకూడదు.

చింతచెట్టు మీంచి పడినా

ట్రయల్‌లో ఉన్న కుర్రాడు చింతపండు దులపడానికి చెట్టెక్కి జారిపడి ఆస్పత్రిలో చేరాడనుకుందాం. మందుకూ దీనికీ ఏం సంబంధం అని కోఆర్డినేటర్ ఊరుకోవడానికి వీల్లేదు. ఆస్పత్రిలో చేరాల్సి వచ్చిన ప్రతి ఘటనా తీవ్ర ఘటనే. 24 గంటల్లోగా ఔషధ నియంత్రణాధికారికి, ట్రయల్ జరిపించే కంపెనీకి, ఎథిక్స్ కమిటీకి కబురు వెళ్లాలి. 14 రోజుల్లో విశ్లేషణ పంపాలి. ఎథిక్స్ కమిటీ 30 రోజుల్లో తన అభిప్రాయం చెప్పాలి. మందు వల్ల కళ్లు తిరిగి పడ్డాడా, మామూలుగా కాలు జారిందా అన్నది వాళ్లు తేలుస్తారు. ముందు రాయడం, ఆ తర్వాతే తేల్చడం. ఖమ్మంలో లోపించింది ఈ వరసే.

రాసినంత తేలిక కాదు ఇది. కొండ మీద సిగ్నల్ ఉండదు. దారి లేని ఊళ్ల నుంచి రోగిని డోలీలో దింపుతారు. ఆశా కార్యకర్తతో, బడి మాస్టారుతో ముందే మాట్లాడిపెట్టుకోని కోఆర్డినేటర్‌కు ఆ 24 గంటలూ కబురు అందకుండానే గడిచిపోతాయి. ఆంధ్ర, ఒడిశాల మధ్య నలుగుతున్న కొటియా గ్రామాల వివాదం సాలూరుకు కొత్త కాదు. అక్కడ చాలామందికి ఆంధ్ర కార్డూ ఉంది, ఒడిశా కార్డూ ఉంది. ఒంట్లో బాగోకపోతే ఏ వైపు ఆస్పత్రికైనా వెళ్తారు. ఒడిశా ఆస్పత్రిలో చేరినా ఆ సంగతి సాలూరు ఫైల్లోకి రావాలి. జీడి కోతల రోజుల్లో రమ్మంటే ఎవరూ రారు. అందుకే మంచి కోఆర్డినేటర్ బల్ల మీద ట్రయల్ క్యాలెండర్ పక్కనే సంతల, కోతల, పండగల క్యాలెండర్ ఉంటుంది.

హాని జరిగితే వైద్యం ఉచితం. ట్రయల్ వల్లే ప్రాణం పోతే పరిహారానికి ఒక సూత్రం ఉంది. 8 లక్షల మూల మొత్తాన్ని వయసును బట్టి ఉండే అంకెతో, రోగి పరిస్థితిని బట్టి 0.5 నుంచి 4 దాకా ఉండే ప్రమాద గుణకంతో హెచ్చవేసి, 99.37తో భాగిస్తారు. 30 ఏళ్ల ఆరోగ్యవంతుడికి వయసు అంకె 207.98, ప్రమాద గుణకం 4. లెక్కిస్తే దాదాపు 67 లక్షలు. ఖమ్మం నాటికి ఈ సూత్రం లేదు. పరిహారం, ఎథిక్స్ కమిటీల నమోదు చట్టంలోకి వచ్చింది 2013 మొదట్లో. దేశమంతటా ట్రయల్స్ మీద కోర్టుల్లో, పార్లమెంటులో రేగిన రగడ ఫలితమది.

ఆగిపోయిన ట్రయల్ చెప్పిన నిజం

ఖమ్మం దెబ్బ ఖమ్మంతో ఆగలేదు. అదే టీకా మీద ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2009 సెప్టెంబరులో మన దేశంలో ఒక పెద్ద ట్రయల్ మొదలుపెట్టింది. హైదరాబాద్‌తో సహా 9 చోట్ల, 10 నుంచి 18 ఏళ్ల ఆడపిల్లలు 20 వేల మందితో మూడు డోసులు కావాలా, రెండు చాలా అని తేల్చాలన్నది ఉద్దేశం. ఖమ్మం గొడవ రేగేసరికి 2010 ఏప్రిల్‌లో దేశంలో హెచ్‌పీవీ టీకా పరీక్షలన్నీ ఆపేశారు. ఈ ట్రయల్‌కు ఖమ్మం ప్రాజెక్టుతో ఏ సంబంధమూ లేదు. అయినా ఆగిపోయింది.

అప్పటికి టీకా పడినవాళ్లు 17,729 మంది. మిగతా డోసులు వేసే వీల్లేక వాళ్లలో 4,950 మంది ఒకే డోసుతో మిగిలిపోయారు. మామూలుగా అయితే ఆ ట్రయల్ అక్కడితో వ్యర్థం. పరిశోధకులు మాత్రం ఆ ఆడపిల్లలను వదిలిపెట్టలేదు. ఏడాదికేడాది వెతికి కలిశారు, నమూనాలు తీసుకున్నారు. బడిపిల్లలు పెద్దవాళ్లయ్యారు, పెళ్లిళ్లయి అత్తవారిళ్లకు వెళ్లారు. అక్కడికీ వెళ్లారు. 2021లో లాన్సెట్ ఆంకాలజీ పత్రికలో వచ్చిన ఫలితం ప్రపంచాన్ని ఆశ్చర్యపరిచింది. పదేళ్ల తర్వాత ఒక్క డోసు వేసుకున్నవారిలో కూడా 16, 18 రకం వైరస్‌లు పట్టి ఉండిపోకుండా 95.4 శాతం రక్షణ కనిపించింది. మూడు డోసుల రక్షణతో ఇది దాదాపు సమానం. 2022 ఏప్రిల్‌లో ప్రపంచ ఆరోగ్య సంస్థ నిపుణుల బృందం ఒక్క డోసైనా చాలని చెప్పడానికి ఆధారమైన పరిశోధనల్లో ఇది ముఖ్యమైనది. పేద దేశాలకు టీకా ఖర్చు ఒక్కసారిగా తగ్గింది.

రెంటినీ పక్కపక్కన పెట్టి చూడాలి. టీకా ఒకటే, కాలం ఒకటే. ఒకచోట అడగాల్సినవాళ్లను అడగలేదు, ఏమైందో రాయలేదు. దాంతో మంచి టీకాకు కూడా మన దేశంలో ఏళ్ల తరబడి చెడ్డపేరు వచ్చింది. ఇంకోచోట ప్రతి పిల్ల పేరూ, వేసిన డోసూ, తేదీ ఫైల్లో ఉన్నాయి. ఆ ఆడపిల్లలు పదేళ్ల తర్వాత కూడా తలుపు తీసి మాట్లాడారు. వద్దనే వీలున్నప్పుడు సరే అన్న మనిషే అంతకాలం నిలబడుతుంది. సమ్మతిని పరిశోధనకు అడ్డంకి అనుకునేవాళ్లు తరచూ మరిచిపోయే సంగతి ఇది. సమ్మతి లేకపోతే మనుషులు నష్టపోతారు, వాళ్ల వెంటే విజ్ఞానం కూడా నష్టపోతుంది.

ఎప్పుడైనా మిమ్మల్ని గానీ, మీ పిల్లల్ని గానీ ట్రయల్‌లో చేరమని అడిగితే ఈ ప్రశ్నలు వేయండి. ఇది వైద్యమా, పరిశోధనా? రిజిస్ట్రీలో నంబరు ఎంత? ఏ ఎథిక్స్ కమిటీ ఆమోదించింది, వాళ్ల ఫోన్ నంబరేది? నాకు ఏ మందు పడుతుందో ఎవరు నిర్ణయిస్తారు? రాత్రిపూట ఒంట్లో బాగోకపోతే ఎవరికి ఫోన్ చేయాలి? హాని జరిగితే ఖర్చు ఎవరిది? సమ్మతి పత్రం నకలు నాకు ఇస్తారా? మధ్యలో మానేస్తే నా వైద్యానికి లోటు వస్తుందా? నియమాలు తెలిసిన కోఆర్డినేటర్‌కు ఇవి కొత్త ప్రశ్నలు కావు. జవాబులన్నీ సమ్మతి పత్రంలో ఉండి తీరాలి. అడిగినందుకు విసుక్కుంటే, లేదా “ముందు ఇక్కడ సంతకం పెట్టండి” అంటే, లేచి వచ్చేయడానికి మీకు పూర్తి హక్కుంది.